మైకల్ కొండల్లో బైగాల బాట

బిలాస్‌పూర్ అనగానే తెలుగువారికి స్ఫురించేది రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే వెలసింది. అయితే కట్నీ మార్గంలో పెండ్రా రోడ్ స్టేషనులో దిగి, అమర్‌కంటక్ దిశగా మైకల్ కొండలెక్కిన వారికి వేరొక చరిత్ర ఎదురవుతుంది.

ఈ కొండల బైగాలు పూర్వం నాగలి పట్టేవారు కారు. దున్నడమంటే భూమాత రొమ్ము చీల్చడమేనని వారి విశ్వాసం. వేసవిలో ఒక వాలున చెట్లు నరికి, కాల్చి, తొలకరికి ఆ బూడిదలో అరికెలు, సామలు చల్లేవారు. కొన్నేళ్లకు ఆ నేలను అడవికే విడిచి మరొక వాలుకు తరలిపోయేవారు. దీనిని వారు బేవర్ అంటారు. మన మన్యంలోని పోడు వంటిదే. కనుక బైగా గ్రామమంటే నాలుగు గుడిసెల కూడలి మాత్రమే కాదు. విడిచిన నేల, దానిపై తిరిగి పెరిగే అడవి, వాటిని కలిపే కాలిబాటలు సైతం గ్రామంలోనివే.

ఆంగ్ల ప్రభుత్వ అటవీశాఖ మాత్రం ఇక్కడ రైలు పట్టాల కింద పరచదగిన సాల కలపను చూసింది. బేవర్‌ను క్రమంగా నిషేధించి, 1890లో మండ్లా జిల్లాలో, నేటి దిండోరీ ప్రాంతంలో, సుమారు 24 వేల ఎకరాలను ‘బైగా చక్’ పేరిట ప్రత్యేకించింది. మరుసటి ఏడాదే బిలాస్‌పూర్–ఉమరియా రైలుమార్గం ఏర్పడింది. అడవి తరిగిపోతుందన్న అధికారుల భయం పూర్తిగా నిరాధారమని అనలేము. కాని ఎల్ల కుదించుకుపోతే పాత వాలుకు త్వరగా తిరిగి రాక తప్పదు; నేలకు విశ్రాంతి కరవవుతుంది. ఆ లెక్క నాటి పాలకులు వేసినట్లు కానరాదు. 1932 నుండి ఈ సీమలో నివసించిన వెరియర్ ఎల్విన్, 1939లో వెలువరించిన ‘ది బైగా’ గ్రంథంలో, ఈ నిషేధం ఆ జాతి మనోధైర్యాన్నే కుంగదీసిందని వాదించాడు.

స్వాతంత్ర్యానంతరం మరికొన్ని ఎల్లలు వచ్చాయి. అచానక్‌మార్ 1975లో అభయారణ్యమూ, 2009లో పులుల సంరక్షణ కేంద్రమూ అయింది. లోపలి గ్రామాలు కొన్ని తరలిపోయాయి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2023 అక్టోబరులో గౌరెలా–పెండ్రా–మర్వాహి జిల్లాలోని 19 బైగా గ్రామాలకు ఆవాస హక్కు లభించింది. ఇది ఒక్కొక్క రైతుకు ఇచ్చే పట్టా కాదు. పూజాస్థలాలు, మూలికల తావులు, సంచార మార్గాలతో కూడిన సంప్రదాయ ఆవాసంపై సముదాయానికి దక్కిన హక్కు.