పులికాటు నడుమ బాట

సూళ్ళూరుపేటనుండి తూర్పుగా శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సు నడుమగా సాగును. శీతకాలమున ఆ బాటమీద నిలిచితిమేని ఇరుప్రక్కల పలుచని నీరు, ఆ నీటిలో వంకరముక్కులు ముంచి మేయు ఫ్లెమింగో గుంపులు మనకు కనబడును. ఈ చూడముచ్చటను మనకు దగ్గర చేసినది ఆ బాటయే. ఆ పక్షుల మేతకు చిక్కు తెచ్చినదియు ఆ బాటయే. ఈ చిక్కు ఎట్లు కలిగెనో కొంచెము విచారింతము.

శ్రీహరికోట సముద్రమునకును సరస్సునకును నడుమ అడ్డుకట్టవలె నిలిచిన ఇసుకదీవి. దాని చాటున నున్న పులికాటు మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలకకు తరువాతిది. పూర్వము ఈ దీవికి పడవలే దిక్కు. ఇక్కడి అడవికట్టెలు బకింగ్‌హాం కాలువమీదుగా మద్రాసునకు పోయెడివి. యానాదులు దుంపలు త్రవ్వుకొని, తేనె పట్టి, ఆ అడవినే నమ్ముకొని బ్రతికిరి.

1969లో రాకెట్టు ప్రయోగములకు ఈ దీవిని ఎన్నుకొనిరి. తూర్పున అంతయు సముద్రమే యగుటయు, జనసంచారము తక్కువగుటయు అందుకు కారణములు. 1971 అక్టోబరులో ఇచ్చటినుండి మొదటి రాకెట్టు లేచెను. యానాదులు పలువురు తాతతండ్రులనాటి తావులను విడువవలసివచ్చెను. కావలి కట్టుదిట్టమగుటచే అడవి నిలిచెను. ఆ మేలునకు వెల చెల్లించినవారు వీరని మనము మరువరాదు.

కేంద్రమునకు యంత్రములును మనుష్యులును చేరవలెనన్న సరస్సును దాటక తప్పదు. అందులకై నీటినడుమ కట్ట పోసి బాట వేసిరి. పులికాటు లోతులేని సరస్సు. ఉత్తరభాగము మరింత మెరక. సముద్రపు మొగలనుండి ఉప్పునీరును, కాళంగి, స్వర్ణముఖి మొదలగు ఏరులనుండి మంచినీరును వచ్చి కలిసిననే అందు చేపయు రొయ్యయు పెరుగును. కట్ట ఆ నీటి రాకపోకలను నొక్కినది. మొగలు ఇసుకతో పూడుచువచ్చినవి. వేసవిలో ఉత్తరభాగము ఎండి నెరియలు వారును. అప్పుడు జాలరికిని పక్షికిని ఒకటే కరువు.

1976లో పులికాటును, సమీపమున నున్న నేలపట్టు చెరువును పక్షుల రక్షితస్థలములుగా ప్రకటించిరి. నేలపట్టున చెట్లమీద గూళ్ళు కట్టు గూడబాతులు మేతకై పులికాటునకు వచ్చును. కావున చెరువును మాత్రము కాచి సరస్సును విడిచిన ఫలములేదు. 2001 మొదలు పలు శీతకాలములలో ఫ్లెమింగో పండుగ జరిగినది. జనము కదలివచ్చుట మంచిదే. ప్రేమించినదానినే మనుష్యుడు కాపాడుకొనును. కాని సందడికి బెదరి పదేపదే ఎగురు పక్షికి మేత చాలదు; చూడవచ్చినవారే దానిని వెళ్ళగొట్టినవారగుదురు.

బాట వలదనుట తగదు. అది లేనిదే కేంద్రము సాగదు. కోరదగినది ఒక్కటే: మనకు బాట ఉన్నట్లు నీటికిని బాట ఉండవలెను. కట్టలో వంతెనకండ్లు విరివిగా తెరచి, మొగలలోని ఇసుక తీసిననాడు సరస్సు ఊపిరి పీల్చును. ఇక మనవంతు: గట్టుననే నిలిచి, అలికిడిలేక చూచి, మరలివచ్చుట.