స్టెంట్, ఫ్లో డైవర్టర్‌ల జంట వాడకం: మెదడు ఎన్యూరిజం చికిత్సలో ఒక చరిత్ర

మెదడు ధమని గోడ బలహీనపడిన చోట ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. అది చిట్లితే మెదడు చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఉబ్బును రక్తనాళం లోపలి నుంచే మూయడానికి మామూలు స్టెంట్‌ను (లోహపు వల గొట్టాన్ని), ఒత్తుగా అల్లిన ఫ్లో డైవర్టర్‌ను ఒకే ధమనిలో కలిపి అమర్చడం కొన్ని కఠినమైన కేసుల్లో జరుగుతుంది. ఈ పద్ధతిని ఫలానా వారు కనిపెట్టారని చెప్పలేం. ఒక పరికరం చాలని చోట రెండోదాన్ని తోడు తెచ్చుకుంటూ వైద్యులు ఇక్కడికి చేరారు.

1937లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి, ఉబ్బు మెడకు వెండి క్లిప్పు బిగించాడు. దశాబ్దాల పాటు అదే దారి. 1970లలో మాస్కోలో సెర్బినెంకో, క్యాథెటర్‌తో పంపి లోపలే విడిచిపెట్టే బెలూన్లను వాడి చూపించాడు. 1990లో లాస్ ఏంజెలస్‌లో గ్వీడో గుల్యెల్మీ ప్లాటినం కాయిల్‌ను సన్నని విద్యుత్ ప్రవాహంతో తీగ నుంచి విడగొట్టి ఉబ్బులో నింపడంతో అసలు మలుపు వచ్చింది. చిట్లిన ఎన్యూరిజంలలో కాయిల్‌నూ శస్త్రచికిత్సనూ పోల్చిన ఐశాట్ అధ్యయనం 2002లో వెలువడింది. ఏడాది నాటికి మరణించిన లేదా ఇతరులపై ఆధారపడిన రోగులు కాయిల్ వర్గంలో 23.7 శాతం, శస్త్రచికిత్స వర్గంలో 30.6 శాతం.

అయితే ఉబ్బు మెడ వెడల్పుగా ఉంటే కాయిల్ నిలవదు, జారి ధమనిలోకి వస్తుంది. దానికి అడ్డుగా స్టెంట్ వచ్చింది. 1997లో శాన్ ఫ్రాన్సిస్కోలో హిగాషిడా బృందం, గుండె ధమనుల కోసం చేసిన స్టెంట్‌ను మెదడు కాండం ముందున్న బేసిలర్ ధమనిలో పెట్టి, దాని కన్నాల గుండా కాయిల్ నింపిన కేసును ప్రచురించింది. బిరుసుగా ఉండే గుండె స్టెంట్‌ను మెదడు ధమనుల వంపుల్లో నడపడం సాహసమే. ఈ పని కోసమే చేసిన మెత్తని న్యూరోఫామ్ స్టెంట్‌కు అమెరికాలో 2002లో పరిమిత అనుమతి దొరికింది.

స్టెంట్ వాడకం పెరిగేకొద్దీ ఇంకో సంగతి బయటపడింది. కాయిల్‌ను ఆపడానికి పెట్టిన లోహపు వల, ఉబ్బులోకి వెళ్లే రక్తం వేగాన్ని కూడా కొంత తగ్గిస్తోంది. ఒక స్టెంట్ లోపల మరొకటి పెడితే ఆ ప్రభావం పెరుగుతుంది. అలాంటప్పుడు వలనే ఒత్తుగా అల్లితే కాయిల్ అవసరమేముంది? ఆ ప్రశ్నకు జవాబుగా సిల్క్, పైప్‌లైన్ అనే ఫ్లో డైవర్టర్లు వచ్చాయి. పైప్‌లైన్‌లో 48 తీగలుంటాయి. మెడ దగ్గర దాదాపు మూడో వంతు జాగాను లోహమే కప్పేస్తుంది. లోపల రక్తం నిలిచి గడ్డకడుతుంది, మెడ మీద క్రమంగా కొత్త పొర పెరుగుతుంది. తొలి అనుభవంలో పెద్ద భాగం బ్యూనస్ ఐరిస్‌లోని పెడ్రో లిలిక్ బృందానిది. 108 మంది రోగులతో జరిగిన పఫ్స్ అధ్యయనం ఆధారంగా 2011లో అమెరికా పైప్‌లైన్‌ను అనుమతించింది.

జంట అవసరం ఇక్కడే మొదలవుతుంది. సన్నని తీగల అల్లికకు ధమని గోడను గట్టిగా నెట్టే బలం తక్కువ. వంపులో సరిగా విచ్చుకోకపోవచ్చు. విచ్చుకున్నాక పొట్టిబారి, కొస ఉబ్బులోకి జారిపోవచ్చు. అలాంటప్పుడు లోపల ఒక స్టెంట్‌ను విప్పి డైవర్టర్‌ను గోడకు అదిమి ఉంచుతారు. కదురు ఆకారంలో పొడవునా సాగిన ఉబ్బుల్లో ముందే లియో వంటి స్టెంట్‌ను పరిచి, దాని ఆసరాతో సిల్క్‌ను నిలబెట్టిన వారూ ఉన్నారు.

కానీ వరస ముఖ్యం. ఏనాడో పెట్టిన పాత స్టెంట్ గుండా డైవర్టర్‌ను పంపడం వేరే కథ. పరికరానికి దారి చూపే గైడ్ తీగ పాత స్టెంట్ కన్నంలో దూరిపోయే ప్రమాదం ఉంది. పాత లోహం అడ్డుపడి కొత్త అల్లిక గోడకు అంటదు, సందుల్లోంచి రక్తం పారుతూనే ఉంటుంది. ఇలాంటి కేసుల్లో ఉబ్బు పూర్తిగా మూసుకోవడం తక్కువని పలు నివేదికలు చెప్పాయి. ఉన్న స్టెంట్‌ను తీయలేరు కాబట్టి, మొదటిసారే ఏది పెట్టాలన్నది తేలిక నిర్ణయం కాదు.

లోహం పెరిగేకొద్దీ గడ్డల భయమూ పెరుగుతుంది. అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మందు నెలల తరబడి వాడాలి. అప్పుడే చిట్లిన ఎన్యూరిజంలో, రక్తస్రావాన్ని పెంచగల ఈ మందులే ఇరకాటం. మరోవైపు, డైవర్టర్ పెట్టిన కొన్నాళ్లకు ఉబ్బు చిట్లిన ఘటనలు 2010 నాటికి నమోదయ్యాయి; లోపలి గడ్డ గోడను బలహీనపరుస్తుందని ఒక వివరణ. దాంతో పెద్ద ఉబ్బుల్లో డైవర్టర్‌కు తోడుగా కాయిల్ కూడా నింపడం మొదలైంది. బేసిలర్ ధమని అనుభవం మరీ చేదు. దాని నుంచి మెదడు కాండానికి వెళ్లే సన్నని కొమ్మలు మూసుకుపోతే నష్టం తీవ్రం. పెద్ద కదురు ఆకారపు ఉబ్బులున్న ఏడుగురిలో నలుగురు మరణించారని 2012లో అమెరికాలోని బఫలో వైద్యులు దాచకుండా రాశారు. ఆ నిజాయితీ ఈ రంగాన్ని కొంత నెమ్మదింపజేసింది.

రెండు పరికరాల పనిని ఒకదానిలోనే ఇమిడ్చినది ఫ్రెడ్. వెలుపల 16 తీగల స్టెంట్, లోపల 48 తీగల డైవర్టర్. అమెరికాలో 2019లో అనుమతి. భారత్‌లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన నిటినాల్ లోహంతో ఒక ఫ్లో డైవర్టర్‌ను రూపొందించి, ఆ పరిజ్ఞానాన్ని 2020లో పుణె కంపెనీకి బదిలీ చేసింది.