ఎల్లకడ నిలిచిన విచారణ

నల్లగొండ జిల్లాలోని నిడమనూరు ప్రాంతపు ప్రజలకు సరిహద్దు ప్రభావమును వేరుగా బోధింపవలసిన పనిలేదు. నిజాము ఏలుబడి సాగిన దినములలో నిడమనూరు, మిర్యాలగూడ, సూర్యాపేట సీమలన్నియు హైదరాబాదు సంస్థానమునకు చెందియుండగా, దక్షిణమున కృష్ణానదిని దాటినంతనే పలనాడు చెన్నపట్టణపు ప్రభుత్వము క్రిందిదై యుండెను. అంతేకాక, కోదాడకు సమీపముననున్న మునగాల పరగణా, నలుదిక్కుల నిజాము భూమియే చుట్టుకొనియున్నను, ఆంగ్లేయుల కృష్ణాజిల్లాలో భాగమై, సముద్రమధ్యమందలి ద్వీపమువలె ఒంటిగా నిలిచియుండెను. ఈ ఎల్లలను రైతు దాటగలిగెను, సాహుకారి దాటగలిగెను, సాహుకారి సంచిలోని రూపాయియు దాటగలిగెను. దాటలేక నిలిచినది జవాను చేతిలోని వారంటు మాత్రమే.

లంచము రెండు ప్రభుత్వముల నడుమ నడచినపుడు ఇచ్చినవా డొకవైపునను, పుచ్చుకొన్నవాడు వేరొకవైపునను ఉందురు. ఒక ప్రభుత్వము విచారణకు పూనుకొన్నచో రెండవ ప్రభుత్వపు దస్తరములు, సాక్షులు, తుదకు దాని పరువు కూడ ఆ విచారణకు లోబడవలసివచ్చును. దస్తరముల నిచ్చుటకు ప్రభుత్వములు ఒక్కొక్కప్పుడు సమ్మతించును. పరువు నిచ్చుటకు సమ్మతించిన ప్రభుత్వమును నేనింతవరకు చూడలేదు. తెలుగుదేశమున ఈ చిక్కునకు రెండువందల యేండ్ల చరిత్ర గలదు.

మొదటి ఘట్టము హైదరాబాదు రెసిడెన్సీ నీడలోనే నడచినది. జనరల్ పామరునకును ఫైజ్ బక్ష్ బేగమునకును జన్మించిన విలియం పామరు, నిజాము సైన్యమున కొలువు చాలించుకొని, 1814 ప్రాంతమున తనపేర నొక వడ్డీవ్యాపారపు కోఠీని నెలకొల్పెను. బెంకటీదాసు అను గుజరాతీ సాహుకారి అందు భాగస్థుడు. కొంతకాలమునకు చేరిన సర్ విలియం రంబోల్డు, గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు సంరక్షణలో పెరిగిన కన్యను వివాహమాడినవాడు. ఆంగ్లేయులు దేశీయ ప్రభువులకు అప్పు లీయరాదని పార్లమెంటు 1797లోనే శాసించియుండినను, గవర్నరు జనరలు అనుమతియున్నచో ఆ నిషేధము వర్తింపదు. ఆ అనుమతి 1816లో లభించినది. రెసిడెంటు హెన్రీ రసెల్ పేర నేర్పడిన దళపు జీతములు కోఠీ ద్వారమున నడచినవి. సంస్థాన వ్యవహారములన్నియు చేతబట్టియున్న పేష్కారు చందూలాలు, సాలున నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు వంతున వడ్డీకి ఒప్పుకొని, ఆ బాకీక్రింద తాలూకాల వసూళ్లను కోఠీకి అప్పగించెను. పంట తాకట్టుపడిన తాలూకాలో రైతు బ్రతుకెట్లుండునో తెలంగాణమున వేరుగా వివరింప నక్కరలేదు.

1820 చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫు, ఆ యేటనే మంజూరైన అరువదిలక్షల ఋణపు లెక్కలను విప్పి చూచినాడు. అందు పెద్దభాగము పాతబాకీని క్రొత్తపద్దుగా తిరుగవ్రాసినదే గాని నిజాము ఖజానాకు చేరిన సొమ్ము గాదని ఆయనకు తేలినది. ఈ సంగతిని కలకత్తాకు తెలియజేయగా హేస్టింగ్సు సంతోషింపలేదు సరిగదా, మెట్కాఫునే మందలించెను; ఇరువురి నడుమ కటువైన ఉత్తరప్రత్యుత్తరములు సాగినవి. ఇచట చిక్కు యొక్క స్వరూపమును గమనింపవలెను: విచారించువాడు ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, విచారింపబడుచున్నవారు కంపెనీ అధిపతి ఆశ్రితులు, నష్టపడినవాడు నిజాము, ఆ నిజామునకు తన మొరను వినిపించుటకు రెసిడెంటు నోరు తప్ప వేరు నోరు లేదు. చందూలాలు కోఠీకి వెరచుటకు కారణము గవర్నరు జనరలు కుటుంబముతో దానికిగల బాంధవ్యమేనని మెట్కాఫు గ్రహించెను. మంత్రి అవినీతిపరుడా, భయపడినవాడా అని నిర్ణయించుట కష్టము. రెండును అయియుండునని నా అభిప్రాయము.

పరిష్కార మెట్లు జరిగెనో అది మరింత విచిత్రము. ఉత్తర సర్కారులకై కంపెనీ నిజామునకు ఏటేట చెల్లింపవలసిన ఏడులక్షల పేష్కషును శాశ్వతముగ రద్దుచేసి, దానికి మారుగా 1823లో 1,16,66,666 రూపాయల నొక్కమారుగ నిచ్చి, ఆ సొమ్ముతో పామరు బాకీని తీర్పించిరి. పదునారేండ్ల పైచిలుకు పేష్కషును చేతబెట్టి యావత్ భవిష్యత్తును కొనుటయన్నమాట. మరుసటి యేట కోఠీ దివాలా తీసినది, హేస్టింగ్సు అంతకుముందే పదవి విడిచెను, లండనులో కంపెనీ వాటాదారులు ఈ విషయమై దీర్ఘముగ వాదులాడిరి. కాని గోదావరీ కృష్ణా తీరపు సర్కారులపై నిజామునకు మిగిలియున్న తుదిహక్కు అంతరించినది. అవినీతిని బయటపెట్టిన ప్రభుత్వమే దాని నిష్కృతిరూపమున లాభమును గడించినది. మెట్కాఫు వ్యక్తిగతముగ నిష్కళంకుడే. ఆ నిష్కళంకత కంపెనీ పద్దులో జమపడినది.

రెండవ ఘట్టమున తప్పుచేసినవాడు సంస్థానపు ఉద్యోగి, తోడుపడినవారు లండను వర్తకులు. విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు యెల్లందు సమీపమున బొగ్గును గుర్తించిన పిమ్మట, 1886లో, వాట్సన్, స్టూవర్టు అను ఇద్దరు ఆంగ్లేయులకు సంస్థానమున ఖనిజములు త్రవ్వుకొను హక్కు 99 ఏండ్లకు దత్తమైనది. వెంటనే లండనులో హైదరాబాదు డెక్కన్ కంపెనీ వెలసినది. దాని మూలధనము పదిలక్షల పౌండ్లు. పది పౌండ్ల వాటాలు లక్షయుండగా అందు 85,000 హక్కుదారులకే దక్కినవి. ఈ బేరమును నడిపిన సంస్థానపు హోం సెక్రటరీ అబ్దుల్ హఖ్, అంతకుముందు రైల్వే ఒడంబడికకై లండనులో వ్యవహరించినవాడు, సర్దార్ బిరుదాంకితుడు. ఆ వాటాలలో నొకభాగము రహస్యముగ ఆయన పాలబడినది; అందులో కొన్నింటిని అంగడిలో కొన్నట్లు నటించి, తన యజమానియైన నిజాము ప్రభుత్వమునకే వాటా పండ్రెండు పౌండ్ల చొప్పున అంటగట్టినాడు.

గుట్టు బయటపడిన పిమ్మట హైదరాబాదు చేయగలిగినది స్వల్పము. అబ్దుల్ హఖ్ ను కొలువునుండి తొలగింపవచ్చును, తొలగించిరి. కాని వాట్సన్ లండనులో నుండెను, కంపెనీ చిట్టాలు లండనులో నుండెను, సొమ్మును లండనులోనే యుండెను. పరరాజ్యములతో నేరుగ మాటాడు అధికారము సంస్థానమునకు లేదు. కార్డరీ రెసిడెంటుగానున్న దినములలో ఆంగ్లప్రభుత్వపు ఎరుకతోనే ఈ ఒడంబడిక పూర్తియైనందున, ఫిర్యాదు వినవలసినవాడే ఫిర్యాదులో సగము భాగస్వామి యగుట తటస్థించెను. ప్రధానమంత్రి ఆస్మాన్ జా కాలమున, మొహ్సినుల్ ముల్కుగా ప్రఖ్యాతుడైన మెహదీ అలీ సంస్థానము తరపున సముద్రము దాటిపోయెను. 1888లో కామన్సు సభ ప్రత్యేక సంఘమును నియమించి సాక్ష్యము లాలించెను. ఒక దేశీయ సంస్థానపు లంచపు వ్యవహారము బ్రిటిషు పార్లమెంటు సంఘము నెదుట బహిరంగముగ చర్చింపబడుట అరుదు. నివేదిక వెలువడినది, ఖనిజపు హక్కు మాత్రము చెక్కుచెదరలేదు: మరుసటి యేట ఆ కంపెనీయే యెల్లందులో బొగ్గు త్రవ్వ నారంభించెను, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడువరకు ఆ గనులు దాని చేతిలోనే యుండెను. సింగరేణి కార్మికుల త్యాగములనుగూర్చి మనవారు విరివిగా వ్రాసిరి. దాని జన్మపత్రికలోని ఈ పుటను మాత్రము తిరుగవేసినవా రరుదు.

శంకరపల్లి వ్యవహార మిట నొక్కమాటలో చెప్పవలసియున్నది. సిమ్లాలో జరిగినదను నేరమునకై అచటి మేజిస్ట్రేటు వారంటు పుట్టించి, 1895లో యూసుఫుద్దీను అను నిజాము ప్రజను శంకరపల్లి రైల్వేస్టేషనులో పట్టించెను. రైలుదారి నేలపై అధికారము నిజాము తమకు వదలినాడని ఆంగ్లేయులు వాదించిరి. నిజాము వదలిన అధికారము రైల్వే వ్యవహారములకే పరిమితమనియు, సంస్థానపు నేలపై అంతకు మించిన అధికారము నిజామునుండి తప్ప రాదనియు 1897లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పి, ఆ నిర్బంధము చెల్లదన్నది. వారంటు ఎల్లకడ ఓడినది ఇచటనే.

1948 పిమ్మట సంస్థానపు ఎల్లలు చెరిగినవి, మునగాలయు నల్లగొండలో కలసినది. అయినను ప్రభుత్వములు ఒకటికి రెండుగనే యున్నవి. ఆంధ్రప్రదేశమున 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ (ఏ.సి.బి.) వెలసినది. కేంద్రపు సి.బి.ఐ. మాత్రము, 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టమునుబట్టి, రాష్ట్రపు సమ్మతిలేక ఆ రాష్ట్రపు నేలపై విచారణ సాగింపజాలదు. ఆ సమ్మతిని 2018 నవంబరులో చంద్రబాబునాయుడు ప్రభుత్వ ముపసంహరించెను. ఆ నెలాఖరుననే మచిలీపట్నమున నొక కేంద్రపన్నుల ఉద్యోగిని రాష్ట్ర ఏ.సి.బి. లంచము పుచ్చుకొనుచుండగా పట్టుకొన్నది. వానిని పట్టుటకై తాము సమ్మతి కోరుచు రహస్యముగ నందించిన సమాచారమును రాష్ట్రము బయటపెట్టినదని సి.బి.ఐ. నిందించెను, రాష్ట్రము కాదన్నది. దొంగను పట్టుటలో పోటీపడుట మంచిదే గదా యని పాఠకుడు తలచవచ్చును. పోటీ దొంగకొరకు గాక గౌరవముకొరకు జరిగినదన్నది విశేషము. 2019 జూనులో జగన్మోహనరెడ్డి ప్రభుత్వము సమ్మతిని మరల నిచ్చెను, 2022 ఆగస్టు 30న తెలంగాణము తన సమ్మతిని తీసివేసెను. ఏ పక్షము ఢిల్లీతో స్నేహముగా నున్నదో సమ్మతిపత్రము చూచి చెప్పవచ్చును.

ఈలోగా ప్రపంచమున క్రొత్త శాసనములు పుట్టినవి. పరదేశపు అధికారికి లంచమిచ్చుట తమ దేశమున నేరమని అమెరికా 1977లో నిర్ణయించెను. ఐక్యరాజ్యసమితి 2003లో చేసిన అవినీతి వ్యతిరేక ఒడంబడికను భారతదేశము 2011లో ధ్రువీకరించెను. అందు సహాయమునుగూర్చిన 46వ అధికరణము చదువదగినది: బ్యాంకు రహస్యమను నెపమున సహాయము నిరాకరింపరాదని యొకచోట ఖండితముగ చెప్పి, సార్వభౌమత్వమునకు భంగమని తోచినచో నిరాకరింపవచ్చునని వేరొకచోట వాకిలి తెరచినది. ఆ వాకిలి గుండా ప్రభుత్వములు రాకపోకలు సాగించుచున్నవి.

శ్రీకాకుళపు తీరమందలి ఇసుకలో టైటానియము నిచ్చు ఇల్మనైటు గలదు. దాని త్రవ్వకపు అనుమతులకై 2006 మొదలు అధికారులకు 185 లక్షల డాలర్లు లంచముగ నీయ సంకల్పించి రని షికాగో న్యాయస్థానమున అభియోగపత్రము దాఖలై 2014 ఏప్రిలులో వెల్లడియైనది. ఉక్రెయిను ధనికుడు దిమిత్రో ఫిర్తాష్, రాజ్యసభ సభ్యుడు కె.వి.పి. రామచంద్రరావు మున్నగువారందు నిందితులు; వీరిరువురును ఆరోపణలను ఖండించిరి. ఫిర్తాష్ అంతకుముందే వియన్నాలో పట్టుబడి 12.5 కోట్ల యూరోల జామీనుపై విడుదలయ్యెను. ఆ పిమ్మట జరిగినది విచిత్రమైన నడక: అమెరికా అప్పగింపు కోరిక వెనుక రాజకీయ ముద్దేశమున్నదని 2015లో నొక న్యాయమూర్తి నిరాకరించెను, 2017లో పై న్యాయస్థానము దానిని త్రిప్పివేసెను, 2019లో అత్యున్నత న్యాయస్థానము అప్పగింపు సమ్మతమే యన్నది, 2025లో వియన్నా న్యాయస్థానము మరల కూడదన్నది. ఆంధ్రతీరపు ఇసుకకై షికాగోలో పుట్టిన వ్యాజ్యము ఆస్ట్రియాలో పదునొకం డేండ్లు నడచినది. భారతదేశమునకు వచ్చిన ఇంటర్పోలు నోటీసు హైకోర్టు గుమ్మము కడకు పోయినది. రామచంద్రరావును అమెరికాకు అప్పగించుట జరుగలేదు.

తలక్రిందులైన ఘట్టమొకటి కలదు. వాడరేవు, నిజాంపట్నము రేవుల పారిశ్రామిక వాడకై 2008లో రాష్ట్రముతో ఒడంబడిక చేసికొన్న రస్ అల్ ఖైమా అను అరబ్బు ఎమిరేటు, తన సొమ్మునకు మోసము జరిగినదని ఫిర్యాదు చేయగా, ఆ పథకమున పాల్గొన్న తెలుగు పారిశ్రామికవేత్త యొకడు 2019 జూలైలో బెల్‌గ్రేడులో నిర్బంధింపబడెను. స్వదేశమున సి.బి.ఐ. ఆయనపై అభియోగము నడుపుచుండగనే, ఆయనను విడిపింపుమని రాష్ట్రపు ఎం.పీ.లు విదేశాంగమంత్రి నర్థించిరి.

2024 నవంబరులో న్యూయార్కున అదానీ సంస్థ అధిపతులపై మోపిన అభియోగము ఈ వరుసలో కడపటిది. సౌరవిద్యుత్తు ఒప్పందములకై భారతాధికారులకు సుమారు 26.5 కోట్ల డాలర్లు లంచముగ వాగ్దానము చేసిరనియు, అందు పెద్దభాగము ఆంధ్రప్రదేశపు కొనుగోలుకు సంబంధించినదనియు అందు వ్రాసిరి. సంస్థయు, అప్పటి ముఖ్యమంత్రి పక్షమును దీనిని నిరాకరించినవి. అమెరికా సెక్యూరిటీల సంఘము హేగ్ ఒడంబడిక ననుసరించి సమన్లు అందజేయుమని 2025 ఫిబ్రవరిలో భారత న్యాయశాఖ నర్థింపగా, ఆ శాఖ రెండుమారులు త్రిప్పిపంపెనని సంఘమే 2026 జనవరిలో న్యాయస్థానమునకు విన్నవించెను. సంతకము, ముద్ర సరిగ లేవన్నది మొదటి ఆక్షేపణ. ఆక్షేపణను వట్టి సాకని త్రోసివేయుట తేలిక. శంకరపల్లిలో నిజాము ప్రజను కాపాడినది అట్టి పట్టుదలయే. కాని శంకరపల్లిలో ఎదుటివాడు వారంటుతో బలవంతముగ వచ్చెను, ఇచట ఎదుటివాడు ఒడంబడిక ప్రకారము కాగితము పంపెను. 2025 ఫిబ్రవరి 10న అమెరికా అధ్యక్షుడు 1977 నాటి శాసనపు అమలును 180 దినములు నిలుపుమని ఉత్తరువు చేసెను. ఒకే నెలలో వాషింగ్టను ఢిల్లీని సహాయ మర్థించుచు, పరదేశపు లంచములపై తన శాసనమునకే సెలవిచ్చినది.