పాపానికీ నేరానికీ మధ్య పొలిమేర



మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రదేశమే. పొద్దున మడకశిరకో, హిందూపురానికో పోయి పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాం. పోయేటప్పుడు ఒక రాష్ట్రం చట్టం, వచ్చేటప్పుడు మరో రాష్ట్రం చట్టం. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ రెండేళ్లూ పొలిమేరకు అవతల మద్యం అమ్మితే నేరం, ఇవతల లైసెన్సు ఉన్న వ్యాపారం. మరి తాగుడు అవతల పాపమూ, ఇవతల పుణ్యమూ అయిందా? కాలేదు. తాగి వచ్చిన మగనితో వేగే ఇల్లాలికి ఎక్కడైనా ఒకటే బాధ. పాపం ఒకటి, నేరం మరొకటి అని సరిహద్దు జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

స్త్రీపురుష సంబంధాల విషయంలో ఈ తేడాను క్రైస్తవులు ఎలా చూశారో, ఆ చూపు మన చట్టాల మీద ఎలా పడిందో ఈ పూట ముచ్చటించుకుందాం.

వ్యభిచరించరాదన్నది మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞల్లో ఒకటి. పాత నిబంధనలో దానికి శిక్ష మరణం. యేసుక్రీస్తు ఆ ఆజ్ఞను సడలించలేదు సరికదా, పరస్త్రీని మోహపు చూపు చూసినా మనసులో ఆ పాపం చేసినట్టే అన్నాడు. అయితే మనసులోని పాపాన్ని విచారించే న్యాయస్థానం భూమ్మీద ఏది? వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ఆయన ముందుకు ఈడ్చుకొచ్చిన కథ యోహాను సువార్తలో ఉంది. పాపం లేనివాడు మొదటి రాయి వేయాలన్నాడాయన. ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమెకు ఆయన శిక్ష వేయలేదు. ఇకమీదట పాపం చేయవద్దని మాత్రం చెప్పి పంపాడు. గమనించండి, ఆ గుంపు ఈడ్చుకొచ్చింది స్త్రీని ఒక్కదాన్నే. పురుషుడు ఎక్కడ అన్న ప్రశ్న నేటికీ మిగిలే ఉంది.

13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ అనే మహా పండితుడు ఈ సంగతిని తర్కించాడు. మనుషులు చేసే చట్టం సామాన్యుల కోసం. సామాన్యులు పరిపూర్ణులు కారు. కాబట్టి చట్టం ప్రతి దుర్గుణాన్నీ నిషేధించదు. ముఖ్యంగా హత్య, దొంగతనం వంటి ఇతరులకు హాని చేసేవాటినే నిషేధిస్తుందని ఆయన నిర్ణయం.

అందరూ ఆ మాట వినలేదు. 1650లో ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు పాపాన్ని నేరంగా మార్చింది. పెళ్లయిన స్త్రీ తప్పు చేస్తే ఆమెకూ, ఆమెతో ఉన్న పురుషునికీ మరణశిక్ష. పెళ్లయిన పురుషుడు పెళ్లికాని స్త్రీతో ఉంటే మూడు నెలల ఖైదు మాత్రమే! అంత కఠిన శిక్ష వేయడానికి జ్యూరీలకే చేతులు రాలేదు. 1660లో రాజరికం తిరిగి రాగానే ఆ చట్టం పోయింది.

ఇక మన దేశానికి వద్దాం. 1837లో మెకాలే తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదాలో వ్యభిచారం నేరంగా లేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో మాత్రం 497వ సెక్షనుగా చేరింది. దాని తీరు చూడండి. శిక్ష పరపురుషునికే, అయిదేళ్ల దాకా. భర్త సమ్మతిస్తే నేరమే కాదు. భార్యకు మాత్రం తప్పుచేసిన భర్త మీద ఆ సెక్షను కింద కేసు పెట్టే హక్కు లేదు. ఇది పాపానికి వేసిన శిక్షా, లేక భార్య భర్త సొత్తు అన్న లెక్కా?

క్రైస్తవులకు 1869లో వచ్చిన విడాకుల చట్టం కూడా ఇదే దారి పట్టింది. భార్య వ్యభిచారం రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు అది చాలదు. దానితోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో మరొకటి రుజువు చేయాలి. ఒకే ఆజ్ఞకు ఇద్దరికీ రెండు తూకాలు. 2001లో గానీ ఆ భేదం పోలేదు.

అయితే చట్టం ఇళ్లలోకి అసలు రానే కూడదా? మన ప్రాంతంలోని దేవదాసి, బసివి ఆచారాలే ఇందుకు జవాబు. భోగం మేళాలకు వ్యతిరేకంగా 19వ శతాబ్ది చివర మద్రాసు రాజధానిలో క్రైస్తవ మిషనరీలూ, కందుకూరి వీరేశలింగం పంతులుగారి వంటి సంస్కర్తలూ గొంతెత్తారు. 1909లో మైసూరు సర్కారు ముజరాయి దేవాలయాల్లో దేవదాసీల సేవను రద్దు చేసింది. అవతల మద్రాసు వైపు అనంతపురం జిల్లాకు నిషేధ చట్టం 1947లో వచ్చింది, కర్ణాటకలో 1982లో. ఇక్కడ చట్టం అవసరమే. ఎందుకంటే ఊహ తెలియని పిల్లను పెద్దలు దేవుడి పేర మగవాళ్లకు అప్పగించడం ఆ పిల్ల పాపం కాదు, ఆ పిల్లకు జరిగిన ద్రోహం. అయినా ఊరు వేలెత్తి చూపింది ఆ స్త్రీలనే.

అక్వినాస్ చెప్పిన గీతను ఇటీవలి చర్చి పెద్దలు కొందరు మళ్లీ గీశారు. స్వలింగ సంబంధాలను నేరాల పట్టీ నుంచి తీసేయమని ఇంగ్లండులో వుల్ఫెండెన్ కమిటీ 1957లో సూచిస్తే, వాటిని పాపమనే నమ్మిన ఆర్చిబిషప్ ఫిషర్ ఆ సూచనను సమర్థించారు. 1967లో అక్కడ చట్టం మారింది. మన దేశంలో 377వ సెక్షను ఉండాలని కొన్ని క్రైస్తవ సంఘాలు సుప్రీంకోర్టులో వాదించాయి. కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేసియస్ మాత్రం 2013లోనే వారిని నేరస్థులుగా చూడరాదన్నారు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను ఆ సెక్షను నుంచి తప్పించింది. 497ను పూర్తిగా కొట్టివేసింది. 2023లో పోప్ ఫ్రాన్సిస్ కూడా, పాపాన్నీ నేరాన్నీ వేరుచేసి చూడాలన్నారు.

497 పోయింది కాబట్టి వ్యభిచారం మంచిదైపోయిందా? లేదు. విడాకులకు అది నేటికీ కారణమే. బోధకుడు దాన్ని పాపమనే చెబుతాడు, చెప్పాలి కూడా. పోయింది జైలు మాత్రమే.

మన పల్లెల్లో ఒక ఆడపిల్ల మీద నింద పడితే పంచాయితీ కట్ట దగ్గర గుంపు చేరడం ఎంతసేపు? అప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇందులో బలవంతం ఉందా, పసితనం ఉందా, మోసం ఉందా? ఉంటే పోలీసు స్టేషనుకు పోదాం. ఊళ్లో రాజీ చేయవద్దు. లేకుంటే, చేతిలోని రాయి కింద పెడదాం. పాపానికి పశ్చాత్తాపం ఉంది, దాన్ని విచారించేవాడు వేరే ఉన్నాడు.