ఓరంగి పైలట్ ప్రాజెక్టు: నాయకత్వం, నిర్వహణ

ఓరంగి పైలట్ ప్రాజెక్టు (ఓపీపీ) పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో 1980 ఏప్రిల్‌లో మొదలైన పరిశోధనా సంస్థ. నగరానికి వాయవ్యాన ఉన్న ఓరంగి బస్తీలో మురుగు పారుదల, ఇళ్ల నిర్మాణం, ఆరోగ్యం, చిన్న అప్పులు దీని ప్రధాన రంగాలు. స్థాపకుడు అఖ్తర్ హమీద్ ఖాన్. ఆయన తర్వాత సంస్థ దిశను నిర్ణయించినవారిలో వాస్తుశిల్పులు ఆరిఫ్ హసన్, పెర్వీన్ రెహమాన్ ముఖ్యులు. గల్లీల్లో కొలతలు తీయడం, పటాలు గీయడం, అంచనాలు వేయడం, మేస్త్రీలకు తర్ఫీదు ఇవ్వడం వరకే సంస్థ తన పనిగా పెట్టుకుంది. డబ్బు పోగుచేయడం, ఖర్చుపెట్టడం, కూలీలను మాట్లాడుకోవడం గల్లీవాసుల చేతిలోనే ఉండిపోయాయి. దక్షిణాసియా నగర పరిశోధనలో ఈ సంస్థ పేరు నిలబడడానికి ఈ హద్దును దశాబ్దాల పాటు గట్టిగా పాటించడమే ప్రధాన కారణం.

నేపథ్యం

రేవుపట్టణంగా పెరిగిన కరాచీ దేశ విభజన తర్వాత శరణార్థులతో కిక్కిరిసింది. 1951 జనగణన నాటికే జనాభా పది లక్షలు దాటింది. అయూబ్ ఖాన్ ప్రభుత్వం గ్రీకు ప్రణాళికావేత్త డాక్సియాడిస్‌ను పిలిపించి కోరంగి, ఉత్తర కరాచీ టౌన్‌షిప్పులు కట్టించినా, పేదల్లో ఎక్కువమందికి అవి అందలేదు. మిగిలినవారు దలాలుల దగ్గర ప్రభుత్వ భూమిలో జాగా కొనుక్కుని ఇళ్లు వేసుకున్నారు. ఇలా పుట్టినవాటిని అక్కడ కచ్చీ ఆబాదీలంటారు.

ఓరంగి వీటిలో అతిపెద్దది. 1965 ప్రాంతంలో మొదలై, 1971 యుద్ధం తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన బిహారీ కుటుంబాలతో ఒక్కసారిగా విస్తరించింది. పఠాన్లు, పంజాబీలు, సింధీలు, బలూచీలు, విభజన నాటి శరణార్థులైన ముహాజిర్లు కూడా ఇక్కడ ఇరుగుపొరుగున ఉంటారు. సుమారు పదివేల ఎకరాల విస్తీర్ణంలో 113 కాలనీలు, దాదాపు 94 వేల ఇళ్లు ఉన్నట్టు ఓపీపీ ఒక దశలో లెక్కగట్టింది. అప్పట్లో మురుగునీటి ఏర్పాటు లేదు. మలాన్ని బకెట్ దొడ్ల నుంచి ఎత్తించుకోవడమో, ఇంటి ముందు ఇంకుడు గుంత తవ్వుకోవడమో చేసేవారు. గుంత నిండితే నీళ్లు గల్లీలో పారేవి, ఇళ్ల పునాదులు చెమ్మగిల్లేవి.

అఖ్తర్ హమీద్ ఖాన్

ఖాన్ 1914 జూలై 15న ఆగ్రాలో జన్మించారు. 1936లో ఇండియన్ సివిల్ సర్వీస్‌ (ఐసీఎస్)లో చేరి బెంగాల్‌లో పనిచేశారు. 1943 కరువులో ప్రభుత్వ వైఖరి చూసి ఆ కొలువుపై మనసు విరిగింది. 1945లో రాజీనామా చేసి అలీగఢ్ దగ్గరి పల్లెలో తాళాలు చేసే పని నేర్చుకుని, కూలిపనితో బతికారు. ఢిల్లీలోని జామియా మిలియాలో కొంతకాలం పాఠాలు చెప్పి, 1950లో పాకిస్తాన్ వెళ్లి తూర్పు బెంగాల్ (తర్వాత తూర్పు పాకిస్తాన్)లోని కొమిల్లాలో విక్టోరియా కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

1959లో అదే ఊళ్లో ఏర్పడిన గ్రామీణాభివృద్ధి అకాడమీకి ఆయనే తొలి డైరెక్టర్. అధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థ తానుగా ఒక ఠాణా పరిధిని ప్రయోగశాలగా తీసుకుని రైతు సహకార సంఘాలను, పొలం కాలువల పనులను పరీక్షించి చూడాలన్నది ఆయన పట్టుదల. ఈ కొమిల్లా పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా పేరొచ్చింది. 1963లో మెగసెసే పురస్కారం లభించింది. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడడంతో కొమిల్లాతో ఆయన బంధం తెగింది. తర్వాత కొన్నేళ్లు అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో గడిపారు. ఓరంగికి వచ్చేనాటికి ఆయన వయసు 65 దాటింది. అక్కడి బిహారీ కుటుంబాల్లాగే ఆయనా తూర్పు బెంగాల్‌లో కట్టుకున్నదంతా వదులుకుని వచ్చినవారే.

తొలి సంవత్సరాలు (1980–1984)

బ్యాంక్ ఆఫ్ క్రెడిట్ అండ్ కామర్స్ ఇంటర్నేషనల్ అధ్యక్షుడు ఆగా హసన్ అబేదీ కరాచీ పేదల కోసం ఏదైనా చేయమని ఖాన్‌ను కోరి, తన ఫౌండేషన్ ద్వారా నిధులు సమకూర్చారు. ఖాన్ పెట్టిన షరతు స్పష్టం: ఇది దానధర్మాల పథకం కాదు, పరిశోధన. ఏం చేయాలో ముందుగా రాసుకున్న ప్రణాళికా ఉండదు, గడువులూ ఉండవు. తొలి నెలలు ఆయన గల్లీల్లో తిరుగుతూ జనాన్ని అడగడంతోనే గడిచాయి. ఎవరిని కదిపినా మురుగు మాటే ఎత్తారు. అయితే ఆ పని సర్కారుదేనని, అదీ ఉచితంగానే జరగాలని వారి నమ్మకం.

పనికి అడ్డుపడేవి నాలుగని ఖాన్ తేల్చారు. ఇది మా బాధ్యత కాదనుకోవడం మనసుకు సంబంధించిన అడ్డంకి. ఇరుగుపొరుగు కలిసి పనిచేసే అలవాటు లేకపోవడం సామాజికమైనది. సర్కారు అంచనాల ప్రకారం ఖర్చు భరించలేకపోవడం ఆర్థికమైనది. వాలు చూసి గొట్టం వేసే నేర్పు లేకపోవడం సాంకేతికమైనది. తర్వాతి కాలంలో సంస్థ చేపట్టిన ప్రతి కార్యక్రమానికీ ఈ నాలుగు ప్రశ్నలే గీటురాయి.

1981లో మొదటి గల్లీల్లో గొట్టాలు పడ్డాయి. ఆ పనిలో లోపాలు చాలానే దొర్లాయి. అతుకులు సరిగా కుదరలేదు, కాంక్రీటు నాణ్యత చాలలేదు. 1982లో సలహాదారుగా చేరిన ఆరిఫ్ హసన్ ఆ తప్పులను ఒక్కొక్కటిగా నమోదు చేయించి డిజైన్లు మార్చారు. మ్యాన్‌హోళ్లు పోయడానికి ఇనుప అచ్చులు చేయించి గల్లీలకు అరువిచ్చారు. బరువు బళ్లు తిరగని సందులు కాబట్టి గొట్టాలను లోతుగా పూడ్చనక్కర్లేదని తేల్చారు. ఇంటి మరుగుదొడ్డికీ గల్లీ గొట్టానికీ మధ్య చిన్న హౌదీ కట్టించి, గట్టి పదార్థం గొట్టంలోకి పోకుండా చూశారు. కాంట్రాక్టరు లాభం, మామూళ్లు తప్పిపోవడంతో ఇంటికి సుమారు వెయ్యి పాకిస్తానీ రూపాయలకే దొడ్డీ, గల్లీ గొట్టం రెండూ పూర్తయ్యేవి.

గల్లీ: నిర్వహణకు మూలం

ఓపీపీ నిర్వహణలో అట్టడుగు అంచె గల్లీ. ఒక్కో గల్లీలో 20 నుంచి 40 ఇళ్లు. పెద్ద కమిటీలు వేస్తే వాటిని రాజకీయ పక్షాలో పెత్తందార్లో పట్టుకుపోతారనీ, ముఖాలు తెలిసిన ఇరవై ముప్పై ఇళ్లవాళ్ల మధ్య మోసం దాగదనీ ఖాన్ భావించారు.

పని జరిగే తీరు ఇది. గల్లీవాసులు కూర్చుని తమలో ఒకరిద్దరిని గల్లీ మేనేజర్లుగా ఎన్నుకుంటారు. మేనేజరు ఓపీపీకి దరఖాస్తు పెడతాడు. సంస్థ టెక్నీషియన్ వచ్చి లెవెల్ చూసి, పటం గీసి, సిమెంటు ఎంత, ఇసుక ఎంత, ఇంటికి ఎంత పడుతుందో కాగితం మీద రాసిస్తాడు. మేనేజరు ఇంటింటా వసూలు చేస్తాడు. గల్లీలో గొడవలొస్తే తీర్చేది కూడా అతనే. సంస్థ పనిముట్లు అరువిస్తుంది, పని సాగుతుంటే వచ్చి చూస్తుంది. గల్లీ డబ్బును మాత్రం ఒక్క రూపాయి కూడా ముట్టదు. ఎవరైనా ఇవ్వకపోతే ఒత్తిడి తేవలసింది పొరుగువాళ్లే.

ఇంట్లోని దొడ్డి, గల్లీ గొట్టం, వాటిని కలిపే కాలనీ గొట్టం జనం బాధ్యత. ప్రధాన కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వ బాధ్యత. మొదటి భాగాన్ని ఓపీపీ ‘లోపలి అభివృద్ధి’ అనీ, రెండోదాన్ని ‘బయటి అభివృద్ధి’ అనీ వ్యవహరించింది. ఈ విభజన ఎంతో ఆచరణీయమైనదని తర్వాతి అనుభవం చాటింది. దీని బలహీనత కూడా ఇందులోనే ఉంది: ప్రభుత్వం తన వంతు చేయనిచోట గల్లీల మురుగు శుద్ధి కాకుండానే నాలాల్లోకి, వాటి మీదుగా సముద్రంలోకి పోయింది.

కార్యాలయంలోనూ ఇదే క్రమశిక్షణ. వారం వారం సిబ్బంది అంతా కూర్చుని ఏ గల్లీలో ఏం జరిగిందో చెప్పుకునేవారు. మూడు నెలలకోసారి పని వివరాలతో, జమాఖర్చులతో నివేదిక అచ్చయ్యేది. సిబ్బందిలో చాలామంది ఓరంగి యువకులే.

ఐక్యరాజ్యసమితి పథకంతో విభేదం

1982 తర్వాత బ్యాంకు ఫౌండేషన్ ఐక్యరాజ్యసమితి ఆవాస కేంద్రంతో ఒప్పందం చేసుకోవడంతో ఓరంగిలోకి విదేశీ నిపుణులు వచ్చారు. ముందు సమగ్ర సర్వే, తర్వాత ప్రణాళిక, నిర్ణీత లక్ష్యాలు, ఆపై అమలు అనేది వారి వరుస. దరఖాస్తు పెట్టిన గల్లీతో మొదలుపెట్టి, చేస్తూ నేర్చుకుంటూ పోవాలన్నది ఖాన్ వాదన. పరిశోధన ఎవరి అజమాయిషీలో జరగాలన్నదే అసలు తగాదా. చివరికి రెండు పథకాలూ విడిపోయి బస్తీలోని వేర్వేరు భాగాల్లో పనిచేశాయి. ఐక్యరాజ్యసమితి పథకం కొద్ది గల్లీలను దాటి వెళ్లలేకపోగా, అదే కాలంలో ఓపీపీ సాయంతో జనం వేల గల్లీల్లో గొట్టాలు వేసుకున్నారు. పేదల బస్తీల్లో పరిశోధన నడిపేవారికి ఇది అమూల్యమైన పోలిక.

ఇళ్ల పరిశోధన, 1988 పునర్వ్యవస్థీకరణ

1986లో ఇళ్లపై అధ్యయనం మొదలైంది. ఓరంగి ఇళ్లలో వాడే సిమెంటు ఇటుకలు, కప్పు సామగ్రి గల్లీ మొగల ఉండే ‘థల్లా’ల నుంచి వస్తాయి. థల్లా యజమాని ఇటుకలు అరువిస్తాడు, మేస్త్రీని కుదురుస్తాడు, ఇల్లు ఎలా కట్టాలో కూడా చెబుతాడు. పేదవాడికి బ్యాంకూ అతనే, ఇంజనీరూ అతనే. అయితే చేత్తో అచ్చుపోసిన ఇటుకలు నాసిగా ఉండేవి. ఓపీపీ కొత్త వ్యవస్థను తెచ్చిపెట్టకుండా థల్లాకే అప్పిచ్చి యంత్రాలు కొనిపించింది, మేస్త్రీలకు తర్ఫీదునిచ్చింది. ఇటుక బలం పెరిగింది.

పని పెరగడంతో 1988లో ప్రాజెక్టును నాలుగు స్వతంత్ర సంస్థలుగా విడదీశారు. నిధుల పంపిణీ ఓపీపీ సొసైటీకి, మురుగు పారుదల, ఇళ్లు, శిక్షణ పరిశోధన శిక్షణ సంస్థకు (ఓపీపీ-ఆర్‌టీఐ), చిన్న అప్పులు ఓరంగి చారిటబుల్ ట్రస్టుకు, ఆరోగ్యం కరాచీ ఆరోగ్య సామాజికాభివృద్ధి సంఘానికి దక్కాయి. ఒకరి మీదే ఆధారపడిన సంస్థ ఆ ఒక్కరితోనే ముగిసిపోకూడదన్న ముందుచూపు ఈ ఏర్పాటులో కనిపిస్తుంది. అదే ఏడాది నుంచి ఖాన్‌పై దైవదూషణ కేసులు మొదలై ఏళ్ల తరబడి వేధించాయి. పిల్లల కోసం రాసిన ఒక కవిత కూడా అందుకు సాకైంది. ఆయన 1999 అక్టోబరు 9న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మరణించారు. ఓపీపీ కార్యాలయ ఆవరణలోనే ఖననం చేశారు.

పెర్వీన్ రెహమాన్ కాలం

1957లో ఢాకాలో పుట్టిన పెర్వీన్ రెహమాన్ కుటుంబం కూడా 1971 యుద్ధం తర్వాత కరాచీ చేరింది. 1982లో వాస్తుశిల్ప పట్టా పొంది, కొద్దికాలం ప్రైవేటు సంస్థలో పనిచేశాక ఆ ఉద్యోగం నచ్చక ఓపీపీలో చేరారు. 1988లో ఆర్‌టీఐ డైరెక్టర్ అయ్యారు.

ఆమె హయాంలో పటం ఒక వాదనగా మారింది. ఓరంగి యువకులు నగరమంతా తిరిగి నాలాలను, బస్తీల గొట్టాలను గుర్తించి పటాల మీద ఎక్కించారు. మురుగు ఇప్పటికే నాలాల వెంటే పారుతోందని, వాటి వెంబడి పెట్టె కాలువలు కట్టడమే తెలివైన పని అని ఆ పటాలు నిరూపించాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణంతో తలపెట్టిన కోరంగి మురుగునీటి పథకానికి ఇదే ఆధారంతో చాలా చవకైన ప్రత్యామ్నాయాన్ని చూపారు. 1999లో ప్రభుత్వం ఆ రుణాన్ని రద్దు చేసుకుంది. సింధ్ కచ్చీ ఆబాదీ అథారిటీ అధిపతిగా తస్నీమ్ అహ్మద్ సిద్దిఖీ ఓపీపీ పద్ధతిని ప్రభుత్వ విధానంలోకి తెచ్చారు. సింధ్‌లోని హైదరాబాదులో ఆయన రూపొందించిన ఖుదా కీ బస్తీ అనే ఇళ్ల పథకానికి 1995లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది.

తర్వాత పెర్వీన్ దృష్టి నగర శివార్లలోని ‘గోఠ్’లనే పాత పల్లెల వైపు మళ్లింది. వాటి హద్దులు పటాల మీదికి ఎక్కడంతో వెయ్యికి పైగా పల్లెలకు హక్కుపత్రాల దారి తెరుచుకుంది. భూకబ్జాదారులకు ఆ దారి మూసుకుపోయింది. ట్యాంకర్ల కోసం నీళ్లు దొంగిలించే అక్రమ హైడ్రెంట్ల పటాన్నీ ఆమె సిద్ధం చేశారు. 2013 మార్చి 13న కార్యాలయం నుంచి ఇంటికి వెళ్తుండగా మంఘోపీర్ రోడ్డులో దుండగులు ఆమెను కాల్చి చంపారు. 2021 డిసెంబరులో ఉగ్రవాద వ్యతిరేక న్యాయస్థానం నిందితులకు శిక్షలు విధించగా, 2022 నవంబరులో సింధ్ హైకోర్టు వాటిని కొట్టేసింది.

తర్వాత

హత్య తర్వాత బెదిరింపుల మధ్య క్షేత్రస్థాయి పని కుంచించుకుపోయింది. ఓరంగిలో ఇళ్ల సంఖ్య పెరగగా, అప్పటికే లక్షకు పైగా ఇళ్లు గల్లీ గొట్టాలకు కలిశాయి. పంజాబ్‌లోని ఫైసలాబాద్, లోధ్రాన్‌లలో స్థానిక సంస్థలు ఇదే పద్ధతిని అనుసరించాయి. ఆరిఫ్ హసన్, పెర్వీన్ రెహమాన్ తదితరులు 1989లో నెలకొల్పిన అర్బన్ రిసోర్స్ సెంటర్ నగర పథకాలపై బహిరంగ చర్చలు నడుపుతోంది. ఓపీపీ పటాలు కరాచీ బస్తీల పరిశోధకులకు నేటికీ ప్రధాన ఆకరం.