పిస్తోలునకు దీపము: ఒక పట్టా పుట్టుపూర్వోత్తరములు

నేడు అమెరికాలోనో ఐరోపాలోనో ఒక పోలీసు ఉద్యోగి నడుమున వ్రేలాడు పిస్తోలును ఒరనుండి వెలికిదీసి చూచినచో, ట్రిగ్గరునకు కాపుగా నుండు కమ్మికి ముందు, గొట్టమునకు సరిగా క్రింద, వ్రేలెడు పొడవున ఇరుప్రక్కల రెండు సన్నని గాడులును, వానికి అడ్డముగా ఒకటో రెండో కోతలును కానవచ్చును. గుండు వెడలుటకు గాని, గుఱి కుదురుటకు గాని, తూటాలు నింపుటకు గాని ఆ గాడులతో ఏమాత్రము పనిలేదు. అవి లేని పిస్తోళ్ళు రెండు మహాయుద్ధములను గడచి వచ్చినవి. ఐనను ముప్పదియేండ్ల వ్యవధిలో, ఆ గాడులు లేని ఉద్యోగపు పిస్తోలే క్రొత్తవానిలో అరుదైపోయెను. ఆంగ్లమున దీనిని 'రైల్' అందురు. రైలుబండి నడచు ఇనుపకమ్ములను మనము పట్టాలనుచున్నాము గనుక ఆ మాటయే దీనికిని చక్కగా ఒప్పును. ఏలయన, ఆ పట్టాపై బండి సాగినట్లే ఈ పట్టాపై ఒక చిన్న దీపము జాఱి, కోతలో చిక్కి, కదలక నిలుచును. ఇట్టి పట్టా చేతితుపాకికి ఉండదగునా, వలదా యని ఆయుధముల నెఱిగినవారు నేటికిని వాదించుచున్నారు. ఆ వాదమున ఒక ప్రక్కను చేరుటకు ముందు, ఈ వస్తువు ఏ అక్కఱ కడుపున పుట్టినదో తెలిసికొనుట మేలు.

ఆ అక్కఱకు మూలము చీకటి. రాత్రి కావలి తిరుగువానికి ఆయుధమెంత అవసరమో వెలుతురు అంతకంటె అవసరము. మన పల్లెలలో తలారి యొక చేత కఱ్ఱయు, ఒక చేత లాంతరును పట్టి తిరిగిన ఆ పందొమ్మిదవ శతాబ్దముననే, లండను పోలీసులు ముందువైపున ఉబ్బు గాజుబిళ్ళ గల నూనె లాంతరును మోసికొని తిరిగెడివారు. ఆ గాజు, వెలుతురును చెదరనీయక ఒకే దిక్కునకు ప్రసరింపజేయును గాని, నూనె ఒలుకుట, వత్తి పొగచూరుట, డబ్బా కాలుట దానికి సహజదోషములు. 1886లో కార్ల్ గాస్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ద్రవము ఒలికిపోని పొడి విద్యుద్ఘటమును రూపొందించిన పిమ్మట, నిప్పు లేని దీపమునకు దారి తెఱపి యయ్యెను. 1899 జనవరి 10వ తేదీన డేవిడ్ మిసెల్ అను నాతనికి గొట్టపు ఆకారము గల చేతిదీపముపై అమెరికా పేటెంటు లభించెను. కాగితపు గుజ్జుతో చేసిన గొట్టములో ఘటములను వరుసగా పేర్చి, కొనయందు బల్బును, దాని వెనుక ఇత్తడి ప్రతిఫలకమును అమర్చిన ఆ దీపములను కొన్నింటిని న్యూయార్కు పోలీసులకే మొదట ఇచ్చి వారి మెప్పును సంపాదించిరి. ఘటములు బలహీనములగుటచే అది ఎడతెగక వెలుగజాలక, క్షణకాలము మెఱసి ఆఱిపోయెడిది. అమెరికనులు టార్చిలైటును నేటికిని 'మెఱపు దీపము' అను అర్థము వచ్చు మాటతో పిలుచుటకు కారణమిదియే. ఈ విధముగా బ్యాటరీదీపము పుట్టీపుట్టకమునుపే పోలీసువాని చేతిలోనికి వచ్చెను. కాని వచ్చినది అతని రెండవ చేతిలోనికి.

ఆ రెండవ చేయి అప్పటికి ఖాళీగానే యుండెను. పిస్తోలన్నది ఒంటిచేతి ఆయుధమనియు, బారచాపి ఒక చేతితోనే పేల్చవలెననియు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో సైనికశిక్షకులును పోలీసుశిక్షకులును సామాన్యముగా బోధించుచుండిరి. 1950ల తుదిలో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ అను కొండప్రదేశమున జరిగిన పోటీలలో, లాస్ ఏంజిలీస్ కౌంటీ షెరీఫు కార్యాలయమున ఉద్యోగియైన జాక్ వీవర్ రెండు చేతులతోను పిస్తోలు పట్టి, కుడిచేయి ముందునకు నెట్టగా ఎడమచేయి వెనుకకు లాగుచు, కంటి యెత్తునకు తెచ్చి గుఱిచూచి పేల్చుచు, ఒంటిచేతివారిని వరుసగా ఓడించెను. ఆ పోటీలను నడపిన జెఫ్ కూపర్ ఆ పద్ధతిలోని బలమును గుర్తించి తన రచనలలోను, శిక్షణలోను దానిని వ్యాపింపజేసెను. పోలీసు శిక్షణాలయములు క్రమముగా ఒంటిచేతి పాఠమును విడిచి రెండుచేతుల పాఠమును చేపట్టెను. గుఱి బాగుపడెను, కాని దీపము పట్టవలసిన చేయి పిస్తోలు పాలాయెను. చీకటిలో మనుష్యునికి మూడవచేయి కావలసి వచ్చినది అప్పుడే.

లేని మూడవచేతిని ఉన్న రెండు చేతులతోనే కల్పించుటకు పలువురు పలుతెఱగుల యత్నించిరి. 1970ల తొలిభాగమున మైకేల్ హారీస్ అను శిక్షకుడు, దీపము పట్టిన చేతిని పిస్తోలు చేతి క్రిందుగా పోనిచ్చి, రెండు ముంజేతులు పెనవైచి, అరచేతుల వెనుకభాగములు ఒకదానినొకటి ఒత్తుకొనునట్లు నిలుపు పద్ధతిని ప్రచారము చేసెను. అమెరికా కేంద్ర పరిశోధనసంస్థ పేరుమీద ప్రసిద్ధమైన మఱొక పద్ధతిలో, దీపమును శరీరమునకు దూరముగా, తలకు పైగా చాపి పట్టవలెను. ఎదుటివాడు వెలుతురును గుఱిచూచి పేల్చినను ఆ గుండు దీపధారికి తగులకుండుటకే ఆ దూరము. ఇవన్నియు బుద్ధిమంతములైన ఉపాయములే యైనను, తలుపు గొళ్ళెము తీయవలసి వచ్చినపుడు గాని, పడిన తోడివానిని లేపవలసి వచ్చినపుడు గాని, ఒక చేతికి గాయమైనపుడు గాని అన్నియు ఒక్కసారిగా విఫలములగుచుండెను. 1980 మే 5వ తేదీన లండనులోని ఇరాను రాయబార కార్యాలయమున బందీలను విడిపించుటకై చొరబడిన బ్రిటిషు ప్రత్యేకదళమువారి చిన్న తుపాకులపై టార్చిలైట్లు బిగింపబడియుండుట నాటి ఛాయాచిత్రములలో కాననగును. పెద్ద తుపాకికి బిగించుటకు తావున్నది. పిస్తోలునకు ఆ తావేది?

ఆ తావునకు మూలపురుషుడైనవాడు పిస్తోళ్ళతో సంబంధము లేనివాడు. విశేషమేమనగా అతడును వీవరే, ఐనను జాక్ వీవర్ గాక వేఱొకడు. విలియం వీవర్ అను నాతడు 1930లో కెంటకీ రాష్ట్రమున సామాన్యులు కొనగల వెలలో వేటతుపాకులకు దూరదర్శినులను చేయుటకు పూని, తరువాత టెక్సాసులోని ఎల్ పాసో పట్టణమునకు తన కర్మాగారమును మార్చుకొనెను. దూరదర్శినిని తుపాకిపై నిలుపుటకు ఆతడు వాడినది అంచులు ఏటవాలుగా చెక్కి, అడ్డముగా కోత పెట్టిన ఒక లోహపు బద్ద. ఏటవాలు అంచులు బిగింపును పైకి లేవనీయవు. అడ్డపుకోత, తుపాకి తన్నినప్పుడు వెనుకకు జాఱనీయదు. ఈ రెండు సూత్రములలోనే నేటి పట్టాల రహస్యమంతయు ఇమిడియున్నది. ఒక వీవరు పోలీసువాని రెండవచేతిని దీపమునుండి తప్పించెను; మఱొక వీవరు చేసిన బద్ద ఆ లోటును తీర్చుటకు తరువాతి తరమువారికి దారిచూపెను. ఒకరి పని ఒకరికి సంబంధింపకయే ఒకే వస్తువునందు వచ్చి కలిసికొనుట చరిత్రయందలి చమత్కారము.

వీవరు బద్దలలో కోతల ఎడము నియతమైనది కాదు. కావున ఒకచోట అమరినది మఱొకచోట అమరకుండెడిది. మన దేశమున బ్రాడ్‌గేజి బండి మీటరుగేజి పట్టాపై నడువజాలక ప్రయాణికులు మధ్యదారిలో సామానులు మోసికొని బండి మాఱిన కాలము నెఱిగినవారికి ఈ బాధ వివరింప నక్కఱలేదు. న్యూజెర్సీలోని పికటినీ ఆయుధాగారమున జరిగిన కృషి ఫలితముగా, 1995 ఫిబ్రవరి 3వ తేదీన అమెరికా సైన్యము ఈ పట్టాకు 1913 అను సంఖ్యగల ప్రమాణమును నిర్ణయించెను. కోత వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక కోత నడిమినుండి మఱొక కోత నడిమికి 10.01 మిల్లీమీటర్లు. వీవరు కోత దీనికంటె కొంచెము సన్నము గనుక, వీవరు బద్దకై చేసిన పరికరము సామాన్యముగా పికటినీ పట్టాపై కూర్చుండును గాని, పికటినీకై చేసినది వీవరు బద్దలో ఎల్లప్పుడు ఇమడదు.

ఇక పిస్తోలు విషయము. ఆయుధశిల్పి బ్రౌనింగు మేధనుండి పుట్టిన 1911 నాటి పిస్తోలు గాని, 1935 నాటి హై పవరు గాని, ఆ హై పవరు పోలికలతో మన ఇషాపూరు కర్మాగారమున తయారగు 9 మిల్లీమీటర్ల పిస్తోలు గాని, గొట్టము క్రింద నున్నగా నుండును. అక్కడ దీపము తగిలింపవలెనన్న విడిగా ఒక కొక్కెమును బిగింపవలెను, అది వదులగును, ఒరలో పట్టదు. ఉక్కును చెక్కి గాడులు తీయుట శ్రమతోను వ్యయముతోను కూడిన పని. ఈ ఆటంకమును తొలగించినది ప్లాస్టిక్ జాతికి చెందిన పాలిమరు. 1982లో ఆస్ట్రియా సైన్యము గాస్టన్ గ్లాక్ రూపొందించిన పాలిమరు దేహపు పిస్తోలును స్వీకరించిన పిదప ప్రపంచమంతటను ఆ త్రోవ తెఱచుకొనెను. కరగిన పాలిమరును అచ్చులో పోయునప్పుడు అచ్చునకే గాడి పెట్టినచో, ప్రతి పిస్తోలును గాడితోనే పుట్టును. అదనపు చెక్కుడు లేదు, అదనపు ఖర్చును లేనట్లే. 1993లో జర్మనీకి చెందిన హెక్లర్ కోఖ్ సంస్థ వెలువరించిన యు.ఎస్.పి. పిస్తోలు ఇట్లు జన్మతః గాడులు గల తొలి పిస్తోళ్ళలో ప్రసిద్ధమైనది. ఆ సంవత్సరములలోనే అమెరికా ప్రత్యేకదళముల నాయకత్వము, దీపమును లేసరు కిరణమును కలిపిన గుఱిసాధనము తగిలింపదగిన పిస్తోలును కోరగా, అదే సంస్థ చేసిన మార్క్ 23 అను పెద్ద పిస్తోలు 1996లో ఆ దళములకు చేరెను. 1990ల తుదికి గ్లాక్ పిస్తోళ్ళ మూడవ తరము ఒకే అడ్డకోత గల తన సొంత పట్టాతో వచ్చి, సామాన్యపోలీసుల ఒరలలోనికి దీనిని చేర్చెను. అమెరికా నావికాపదాతిదళము 2006లో తన బెరెట్టా పిస్తోలుకు పట్టా గల మాదిరిని తెచ్చుకొనెను. 2017లో ఆ దేశపు సైన్యము ఎన్నుకొన్న సిగ్ సావర్ పిస్తోలునకు పట్టా ముందే విధింపబడిన లక్షణము. విచారకరమైన దేమన, ప్రమాణము వెలువడిన తరువాతను పిస్తోళ్ళవారు చాలమంది తమతమ గాడులనే పట్టుకొని వ్రేలాడిరి. అందుచేతనే నేటికిని దీపములు చేయువారు ఒక్కొక్క పిస్తోలుకొక్కొక్క చీలను పెట్టెలో వేసి అమ్మవలసి వచ్చుచున్నది.

పట్టా యున్నను దానిపై నిలుప దగిన దీపము లేనిచో ప్రయోజనము సున్న. తంతి బల్బు పిస్తోలు తాకిడికి తెగిపోవును, ఘటములు బరువు. మూడు వోల్టుల చిన్న లిథియం ఘటము బరువును తగ్గించెను. 1990లలో జపాను శాస్త్రజ్ఞులు అకాసాకి, అమానో, నకామురాల కృషిచే ప్రకాశవంతమైన నీలి ఎల్.ఈ.డి. సిద్ధించి, దానినుండి తెల్లని వెలుతురు లభింపగా తంతియే యక్కఱలేకపోయెను. 2014లో వారికి నోబెల్ బహుమానము నిచ్చినది ఈ నీలికాంతికే. గుప్పిటిలో ఇమిడి అఱువదియైదు ల్యూమెన్లు వెలిగిన చేతిదీపమునే పోలీసులు అబ్బురముగా చూచుకొన్న కాలము పోయి, పిస్తోలు క్రింద బొటనవ్రేలంత దీపము 1000 ల్యూమెన్లు వెదజల్లు కాలము వచ్చెను.

ఇపుడు వాదమునకు వత్తము. వలదనువారి మాటలలో బరువు, ఒరల యిబ్బంది, వ్యయము అనునవి చిన్నవి, పెద్దది ఒక్కటే. దీపము గొట్టమునకు అతుకబడినచో కన్నెక్కడికి పోయిన గొట్టమక్కడికి పోవును. ఏ మనుష్యుని ముఖమును చూడవలెనన్నను ముందతనిపై పిస్తోలు నెత్తవలసి వచ్చును; అతడు దొంగ కావచ్చును, దారితప్పిన పొరుగువాడు కావచ్చును, అర్ధరాత్రి చప్పుడు కాకుండ ఇల్లు చేరిన కన్నకొడుకే కావచ్చును. ఇది ఊహామాత్రమైన భయము కాదు. 2010లో టెక్సాసులోని ప్లేనో నగరమున దీపపు మీటను నొక్కబోయిన ఒక ఉద్యోగి వ్రేలు ట్రిగ్గరును నొక్కగా, ఎదుటనున్న మనిషి ప్రాణము పోయెను. పిడిపై ట్రిగ్గరునకు క్రిందుగా మీట నమర్చిన నిర్మాణమే ఆ పొరపాటునకు చోటిచ్చినది.

అయితే పట్టా లేనంత మాత్రమున చీకటి తొలగునా? వాల్మీకి అయోధ్యాకాండమున దశరథుడు తన మరణసమయమున కౌసల్యకు చెప్పుకొన్న పాపమును తలచుకొందము. వానకాలపు రాత్రి, సరయూతీరము, కడవలో నీరు నిండుచున్న బుడబుడ ధ్వని. అది నీరుత్రావు ఏనుగని తలచి, కంటికి కానరాని లక్ష్యముపై శబ్దమాత్రమున బాణము విడిచెను యువరాజు. గుఱి తప్పలేదు; తప్పినది ఎఱుక. ఆ శబ్దవేధివిద్య చేతనే ఒక తపస్విబాలుడు నేలకొఱగెను, ఇరువురు గ్రుడ్డి వృద్ధులు దిక్కులేనివారైరి. చూడక కొట్టగలుగుట కౌశలము కాదనియు, ఎవరో తెలియనిదే ఆయుధము విడువరాదనియు మన జాతికి ఇంతకంటె చక్కని పాఠము లేదు. చీకటిలో ఆయుధము పట్టకతప్పని ఉద్యోగికి, పేల్చుటకు ముందు ఎదుటి ముఖమును, ఆ ముఖమునకు దిగువనున్న చేతులను చూపగల దీపమును నిరాకరించుట, ఆతనిని ఆ సరయూతీరపు చీకటిలో నిలుపుటయే యగును.

కావున నా నిర్ణయమిది. చేతితుపాకికి ఈ పట్టా ఉండవలసినదే. రెండు చేతులవానికి ఏర్పడిన నిజమైన లోటును తీర్చినది గనుక అది అలంకారము కాదు. కాని పిస్తోలుదీపము గుర్తించుటకే గాని వెదకుటకు గాదు. వెదకుటకు జేబులో వేఱొక చేతిదీపము ఉండియే తీరవలెను. దానిని మనుష్యుల ముఖములపై నిర్భయముగా ప్రసరింపవచ్చును, దాని వెనుక గొట్టము లేదు. పిస్తోలుదీపమునే వెలిగింపవలసిన వేళ గొట్టమును నేలవైపునకు వంచియుంచినను, నేటి దీపముల బలముచే గదియంతయు కనబడుటకు చాలినంత వెలుతురు నేలనుండి మరలి వచ్చును. మీట ట్రిగ్గరు వ్రేలికి అందనిచోట, రెండవచేతి బొటనవ్రేలికి అందునట్లుండవలెను. పట్టాను అచ్చుపోయుట అరనిమిషపు పని. ఈ అలవాటులను చేతులకు నేర్పుట నెలల పని. ఆ రెండవపనికి ఓపిక లేనివారు మొదటిదానిని గూర్చి వాదింపనక్కఱలేదు.