హారర్ ట్రైలర్‌కు పాట ఎంచుకునే ముందు తెలుసుకోవాల్సినవి

ఏదైనా దెయ్యం సినిమా ట్రైలర్‌ను మ్యూట్‌లో పెట్టి చూడండి. భయం చాలా వరకు మాయమవుతుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటే వింతగా అనిపిస్తుంది తప్ప గుండె ఝల్లుమనదు. అందుకే హారర్ ట్రైలర్‌లో సౌండ్‌ట్రాక్ చివర్లో చూసుకునే పని కాదు. దాని భవితవ్యం రెండు చోట్ల తేలుతుంది: ఎడిటింగ్ టేబుల్ మీద, కాపీరైట్ చట్టంలో. రెండోదాన్ని మరిస్తే మొదటిదానిపై పెట్టిన శ్రమ విడుదల రోజే వృథా కావచ్చు.

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో ఈ రెండూ దగ్గరదగ్గరే కనిపిస్తాయి. నోయిడా ఫిల్మ్ సిటీలో స్టూడియోలు, సినిమా శిక్షణ సంస్థలతో పాటు పాటల హక్కులున్న టీ-సిరీస్ కార్యాలయం ఉంది. యమున దాటితే ఆ హక్కులపై కీలక తీర్పులిచ్చిన ఢిల్లీ హైకోర్టు.

తెలిసిన పాటే ఎందుకు?

జోర్డాన్ పీల్ తీసిన ‘అస్’ ట్రైలర్ 2018 డిసెంబరులో వచ్చింది. లూనిజ్ బృందం 1995లో చేసిన హిప్‌హాప్ పాట ‘ఐ గాట్ ఫైవ్ ఆన్ ఇట్’ను అందులో నెమ్మదింపజేసి, వికృతంగా మార్చి వాడారు. స్పందన ఎంత బాగుందంటే, సంగీత దర్శకుడు మైకేల్ ఏబెల్స్ సినిమా పతాక సన్నివేశంలోనూ ఆ బాణీని ఉపయోగించారు. బాగా తెలిసిన పాట ఎక్కడో గాడి తప్పిందన్న అనుమానమే అక్కడ భయపెట్టింది. మన దగ్గర జోలపాట ఆ పని చేయగలదు.

ఎడిటింగ్‌లో కీలకం నిశ్శబ్దం

హారర్ ట్రైలర్ సాధారణంగా మూడు దశల్లో నడుస్తుంది: మామూలు జీవితం, అనుమానం, దాడి. మొదటి దశకు ఫ్యాను, గోడ గడియారం, కీచురాళ్ల చప్పుళ్లు చాలు. రెండో దశలో డ్రోన్, అంటే కింది స్థాయిలో ఆగకుండా సాగే శ్రుతి, మొదలవుతుంది. మూడో దశలో శబ్దం క్రమంగా పెరిగి పెద్ద దెబ్బతో ముగుస్తుంది. ఆ దెబ్బకు ముందు ఒకటి రెండు సెకన్లు నిశ్శబ్దం ఉంచితే అదే శబ్దం మరింత పెద్దదిగా తోస్తుంది. ప్రతి షాట్‌కూ దెబ్బ వేస్తే మూడోసారికే ప్రేక్షకుడు సిద్ధమైపోతాడు.

సంగీత దర్శకుడి నుంచి ఒకే మిక్స్ కాకుండా స్టెమ్స్ అడగాలి. గాత్రం, తీగవాద్యాలు, తాళం విడివిడి ఫైళ్లుగా ఉంటేనే మాట వచ్చే చోట తాళాన్ని ఆపి శ్రుతిని కొనసాగించగలం. ఫోన్ స్పీకరు లోతైన శబ్దాలను సరిగా పలికించలేదు కాబట్టి డ్రోన్ పైన ఊపిరి, గీరుడు లాంటి మరో పొర అవసరం. శబ్దం పెంచేసినంత మాత్రాన లాభం లేదు. మరీ బిగ్గరగా ఉన్న వీడియోలను యూట్యూబ్ తనే తగ్గించి వినిపిస్తుంది.

‘30 సెకన్ల’ అపోహ

30 సెకన్ల లోపు వాడితే అనుమతి అక్కర్లేదన్న మాట 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. ఇండియా టీవీ, యశ్‌రాజ్ ఫిల్మ్స్ వివాదంలో 2012లో ఢిల్లీ హైకోర్టు, ఒక ప్రకటనలో ‘బంటీ ఔర్ బబ్లీ’ పాటలోని కొద్ది మాటలు వాడటాన్ని అత్యల్ప వినియోగంగా పరిగణించింది. అయితే హాని ఎంత, ఉద్దేశం ఏమిటి వంటి అంశాలను చూసింది తప్ప సెకన్ల లెక్క కట్టలేదు. ట్రైలర్ మొత్తాన్ని మోసే పాటకు ఆ వాదన నిలవడం కష్టం. వేగం తగ్గించినంత మాత్రాన అది కొత్త పాట అయిపోదు.

ఒక పాటలో సాహిత్యం, స్వరకల్పన, రికార్డింగ్ మూడింటికీ వేర్వేరు హక్కులుంటాయి. అన్నమయ్య జోలపాటనే తీసుకోండి. సాహిత్యం ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఈనాడు వినిపించే అన్నమయ్య బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. అంటే 1979లో మరణించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరచిన బాణీలకు 2039 చివరి దాకా. రికార్డింగ్‌కైతే విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు.

కాబట్టి నమూనాగా వేసుకున్న పాటతో ప్రేమలో పడకముందే లైసెన్సు అడగాలి. అందులో ట్రైలర్, థియేటర్, ఇంటర్నెట్, ఏయే దేశాలు, ఎంత కాలం అన్నవి ఉండాలి. పాటను మార్చుకునే అనుమతి విడిగా రాయించుకోవాలి. అది కుదరకపోతే పాత సాహిత్యానికి కొత్త బాణీ కట్టించి, కొత్త గొంతుతో పాడించి, హక్కులు రాతపూర్వకంగా తీసుకోవడమే చిన్న నిర్మాతకు క్షేమం.